లండనా, పారిసా? ఒక్కదానికే వెళ్లగలిగితే ఎలా తేల్చుకోవాలి

"రెండూ గొప్ప ఊళ్లే, ఏదైనా బావుంటుంది" అనే సలహా టికెట్లు కొనబోయేవాళ్లకి ఎందుకూ పనికిరాదు. అందుకే ముందే చెప్పేస్తున్నా: చేతిలో మూడు నాలుగు రోజులే ఉండి, బాగా నడవగలిగే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే పారిస్. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉండి, వారం దాకా ఉండగలిగితే లండన్. ఇది మీకు కుదురుతుందో లేదో మీ తేదీలు, మీతో వచ్చే మనుషులు, మీ ఖర్చు పెట్టుకుని చూసుకోండి. ఈఫిల్ టవరా, బిగ్ బెన్నా అని ఫొటోలు చూసి తేల్చుకోవద్దు, ఆ రెండింటి దగ్గరా కలిపి మీరు గడిపేది ఒక పూటే.

మొదట వీసా. భారతీయ పాస్‌పోర్ట్ మీద లండన్‌కి బ్రిటన్ వీసా, పారిస్‌కి షెంజెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) వేరువేరుగా తీసుకోవాలి, ఒకదాని బదులు ఇంకోటి చెల్లదు. షెంజెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్రిటన్‌కి మూడు నెలల ముందు నుంచి. సెలవులు ఖాయమయ్యాక అపాయింట్‌మెంట్ ఏ దేశానిది ముందు దొరుకుతుందో చూడండి, చాలామంది విషయంలో లండనా పారిసా అన్నది అక్కడే తేలిపోతుంది, మిగతా చర్చంతా కాలక్షేపం.

వీసా టెన్షన్ లేదనుకుంటే అసలు తేడా ఊరి సైజులో ఉంది. పారిస్ నగరం మొత్తం 105 చదరపు కిలోమీటర్లు. ఇరవై వార్డులు, వాటి నంబర్లు మధ్యలో ఒకటితో మొదలై జిలేబీ చుట్టలా బయటికి తిరుగుతూ పోతాయి. గ్రేటర్ లండన్ దీనికి దాదాపు పదిహేను రెట్లు. నోత్రదామ్ చర్చి దగ్గర బయలుదేరి లూవ్ర్ మ్యూజియం ముందు నుంచి, ట్విల్లరీ తోటలోంచి, షాంజెలీజే రోడ్డు మీదుగా విజయ తోరణం (ఆర్క్ ద ట్రయంఫ్) దాకా నడిస్తే సుమారు అయిదు కిలోమీటర్లు, అంతే, పోస్టుకార్డుల్లోని పారిస్‌లో సగం ఆ ఒక్క నడకలో అయిపోతుంది. లండన్‌లో కూడా వెస్ట్‌మినిస్టర్ వంతెన నుంచి థేమ్స్ దక్షిణ ఒడ్డు వెంబడి టవర్ బ్రిడ్జి దాకా చక్కటి నడక ఉంది గానీ, ఆ తర్వాత కెన్సింగ్టన్ మ్యూజియంలు ఒక మూల, గ్రీనిచ్ ఇంకో మూల, క్యామ్డెన్ మరో మూల. ప్రతిదానికీ రైలెక్కాలి. నాలుగు రోజుల్లో లండన్ చూసొచ్చాం అనేవాళ్లు ఎక్కువగా చూసింది రైల్వే స్టేషన్లే.

డబ్బు దగ్గర లెక్క తిరగబడుతుంది. హోటళ్లు రెండు చోట్లా ఖరీదే, అందులో పెద్ద తేడా వెతకొద్దు. కానీ బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, సైన్స్ మ్యూజియం, డైనోసార్ల కోసం పిల్లలు ఎగబడే నేచురల్ హిస్టరీ మ్యూజియం, వీటన్నిటిలో శాశ్వత ప్రదర్శనలు ఉచితం. పారిస్‌లో లూవ్ర్ 2026 జనవరి నుంచి యూరప్ బయటి పెద్దవాళ్లకి 32 యూరోలు. పిల్లలకి టికెట్ లేకపోయినా ఇద్దరు పెద్దవాళ్లకే 64. లండన్‌లో జేబుకి చిల్లు పెట్టేవి వెస్ట్‌మినిస్టర్ అబ్బే, కోహినూర్ ఉన్న టవర్ ఆఫ్ లండన్ లాంటివి. వాటిలో ఒక్కటి ఎంచుకోమంటే నేను టవరే అంటాను. ఇక బ్రిటిష్ మ్యూజియంలో మనవాళ్లు రోసెట్టా రాయి ముందు సెల్ఫీ తీసుకుని బయటికొచ్చేస్తారు, 33ఎ గదిలో అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయని చాలామందికి తెలియనే తెలియదు. తెలుగువాళ్లై అంతదూరం వెళ్లి అది చూడకుండా రావడం అన్యాయం. ఆ గది ఏ వేళల్లో తెరిచి ఉంటుందో మాత్రం ముందుగా చూసుకోండి.

పారిస్‌కి వెళ్తున్నట్లయితే టికెట్లు కొనేముందు ఏ రోజు ఏది సెలవో చూసుకోండి. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ కోట సోమవారం మూసేస్తారు. ఆదివారం దిగి బుధవారం తిరిగొచ్చే ప్లాన్ వేశారంటే మీ నెత్తిన మీరే మట్టి పోసుకున్నట్టు. గురువారం నుంచి ఆదివారం దాకా ఉంటే అన్నీ కుదురుతాయి. శుక్రవారం రాత్రి 9 దాకా లూవ్ర్ తెరిచి ఉంటుంది, ఆ వేళకి గుంపులు కొంచెం పలచబడతాయి. 2019లో కాలిపోయి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచిన నోత్రదామ్‌లోకి ప్రవేశం ఉచితమే, ఎవరైనా టికెట్ అమ్మబోతే కొనకండి. ఆధునిక చిత్రకళ మ్యూజియం ఉన్న పాంపిడూ సెంటర్‌ని 2025లో మరమ్మతుల కోసం మూసేశారు, 2030 దాకా ఆశ పెట్టుకోవద్దు.

తిరగడం లండన్‌లో సులువు. బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, రోజుకి ఇంత అని ఒక పరిమితి దాటాక ఇక డబ్బు కోయదు. ఒక మనిషికి ఒక కార్డు ఉండాలి, ట్యూబ్‌లో (లండన్ మెట్రోని అలాగే అంటారు) దిగాక కూడా తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. బస్సులో నోట్లు, చిల్లర తీసుకోరు. పారిస్ మెట్రోకి నవిగో ఈజీ అనే కార్డు కొని అందులో టికెట్లు వేయించుకోవాలి, మెట్రోది వేరు, బస్సుది వేరు, విమానాశ్రయానిది వేరే రేటు. చిరాకే, కానీ స్టేషన్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయంటే ఏ మూల నిలబడినా ఒకటి కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఇక్కడ ఆగి ఆలోచించండి. పారిస్ మెట్రో పాత లైన్లలో చాలా స్టేషన్లకి లిఫ్టులు లేవు, మెట్లెక్కి దిగీ ప్రాణం పోతుంది. మొదటి నుంచి చివరి దాకా లిఫ్టులున్నది 14వ లైన్. లండన్ ట్యూబ్‌లోనూ మెట్లు తక్కువేం కాదు గానీ, 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్‌లో ప్రతి స్టేషన్‌లోనూ మెట్లెక్కకుండానే ప్లాట్‌ఫాం చేరొచ్చు, అది హీత్రో విమానాశ్రయం నుంచే నేరుగా ఊళ్లోకి వస్తుంది. ఎర్ర బస్సులన్నిటికీ ర్యాంపులుంటాయి, డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికితే అదే ఒక టూరు.

తిండి సంగతి. శాకాహారులకి లండన్‌లో దిగులే లేదు, యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో దోసెలు దొరుకుతాయి. పారిస్‌లో మన రుచులు కావాలంటే గార్ దు నోర్ స్టేషన్ దాటి లా షాపెల్ వైపు వెళ్లండి, శ్రీలంక తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి. మామూలు ఫ్రెంచ్ హోటల్లో మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు కట్టేస్తారు, అది గుర్తుంచుకోండి. మంచినీళ్ల సీసా కొనకుండా కుళాయి నీళ్లు అడగండి, ఊరికే ఇస్తారు. దుకాణంలో అడుగుపెట్టగానే "బోంజూర్" అనండి, అనకపోతే మొహం మాడ్చుకుంటారు, వాళ్ల లెక్కలో పలకరించకుండా పని అడగడం పొగరు. లండన్‌లో ఆ గొడవ లేదు, కాకపోతే బిల్లులో సర్వీస్ ఛార్జి ముందే కలిపి ఉందేమో చూసి టిప్ ఇవ్వండి.

దొంగతనాల భయం రెండు చోట్లా ఉంది, పద్ధతులే వేరు. పారిస్‌లో మెట్రోలో జేబులు కొడతారు, సంతకం పెట్టమని అట్టలు పట్టుకొస్తారు, మోంమార్త్ర్ గుట్ట మెట్ల దగ్గర చేతికి దారం కట్టి డబ్బులడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని నడిచిపొండి. లండన్‌లో ఫుట్‌పాత్ అంచున ఫోన్ చూస్తూ నిలబడితే బైక్ మీద వచ్చి లాక్కుపోతారు, మ్యాపు చూడాలంటే గోడవైపు జరగండి.

నెల కూడా చూడాలి. జూన్‌లో పారిస్‌లో సూర్యాస్తమయం దాదాపు రాత్రి పది, లండన్‌లో తొమ్మిదింబావు దాటాక. డిసెంబర్‌లో లండన్‌లో నాలుగింటికల్లా చీకటి, పారిస్‌లో ఇంకో గంట వెలుతురు మిగులుతుంది. డిసెంబర్ 25న లండన్‌లో ట్యూబ్, బస్సులు నడవవు, ఆ రోజు హోటల్ నుంచి నడిచి వెళ్లగలిగేవే చూడాలి. ఆగస్టులో పారిస్ వాళ్లే సెలవులకి వెళ్లిపోయి చిన్న హోటళ్లు, బేకరీలు చాలా మూతబడతాయి.

ఎనిమిది తొమ్మిది రోజులుంటే రెండూ చేయొచ్చు. యూరోస్టార్ రైలు గార్ దు నోర్ నుంచి సెయింట్ పాంక్రస్‌కి రెండుంబావు గంటల్లో చేరుస్తుంది, విమానం కంటే ఇదే నయం. పారిస్ ముందు, లండన్ తర్వాత పెట్టుకుని ఇంటికి లండన్ నుంచి ఎగరండి, షెంజెన్ వీసా ఒకే ప్రవేశానికి ఇస్తే లండన్ వెళ్లి మళ్లీ పారిస్‌కి రావడం కుదరదు కాబట్టి. రైలెక్కే ముందే రెండు దేశాల పాస్‌పోర్ట్ తనిఖీలూ పారిస్ స్టేషన్‌లోనే అయిపోతాయి, గంటన్నర ముందు చేరుకోండి.