మధ్య పుస్తకం చేతికొస్తే అక్కడి నుంచే చదవండి

ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1871 నుంచి 1893 దాకా ఒకే వంశం మీద 20 నవలలు రాశాడు. నాకు ముందుగా దొరికింది 13వది, ‘జెర్మినల్’. మొదటిది దొరికేదాకా ఆగమని చెప్పినవాళ్లున్నారు. నేను ఆగలేదు. మీరూ ఆగకండి, కాస్త జాగ్రత్త పడితే చాలు.

ముందుపేజీల్లో వంశవృక్షం ఉంటే చూడకుండా తిప్పేయండి. ఎవరు ఎవరిని పెళ్లాడారో, ఎవరు ఎలా పోయారో అది ముందే చెప్పేస్తుంది. జోలా వంశవృక్షాన్ని పుస్తకంలో అచ్చు వేయించింది 1878లో, ఎనిమిదో నవలతో. మొదటి ఏడు నవలల్ని అప్పటి పాఠకులు అది లేకుండానే చదువుకున్నారు.

దానికి బదులు ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకుని, కనిపించిన ప్రతి మనిషి పేరు, వయసు, తల్లి పేరు రాసుకోండి. పుస్తకం అచ్చయిన సంవత్సరం అక్కర్లేదు, కథ జరిగిన సంవత్సరం కావాలి. నా కాగితం మీద మొదటి పేరు ఎటియన్. వయసు 21. పని పోయి, చలిరాత్రి బొగ్గుగనుల దారిన నడుస్తుంటాడు. తల్లి పారిస్‌లో చాకలిపని చేస్తుందని, తాగితే తనలో ఏదో రాక్షసత్వం లేస్తుందని ఒక అమ్మాయితో చెప్పుకుంటాడు. అంతకుమించి నాకేమీ తెలియదు.

తర్వాత ఏడో నవల తెరిచాను. కథ 1850లో మొదలవుతుంది. తల్లి జెర్వేజ్ రాత్రి చాలాసేపు మేలుకుని మనిషి కోసం ఎదురుచూస్తుంటే, పిల్లలిద్దరూ ఒకే దిండు మీద నిద్రపోతుంటారు. చిన్నవాడికి నాలుగేళ్లు. అన్న మెడ చుట్టూ చెయ్యి వేసి, నిద్రలో నవ్వుతుంటాడు. వాడే ఎటియన్! వరుసగా చదివి ఉంటే ఆ వాక్యాన్ని దాటిపోయేదాన్ని. ఆ నవ్వు చివరికి ఏ దారిన పడి నడుస్తుందో తెలుసు గనక చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

లెక్క కుదరని చోట కంగారు పడకండి. 17వ నవలలో జెర్వేజ్‌కు జాక్ అనే మరో కొడుకు ప్రత్యక్షమవుతాడు. ఏడో నవల ఎంత వెతికినా వాడు కనిపించడు. మీరు మరిచిపోయింది ఏమీ లేదు, రచయిత తర్వాత చేర్చుకున్నాడు. కాగితం మీద ఆ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా చెబుతాను. ఇరవయ్యోది, ‘డాక్టర్ పాస్కల్’, ఆఖరుకే ఉంచండి. అందులో డాక్టరు తన వంశంలో ప్రతి ఒక్కరి గురించీ రాసిన కాగితాలు బీరువాలో దాస్తాడు. అవి చదివి వినిపించే ఘట్టంలో మిగతా నవలల ముగింపులన్నీ బయటపడతాయి. మొదటి నవల ఎప్పుడు చదివినా నష్టం లేదు. నేను తొమ్మిదోదిగా చదివాను. అప్పటికి నా కాగితం రెండువైపులా నిండిపోయింది.