కొత్తగా చేరిన లైబ్రేరియన్లకు: ముందు ఆ భయం వదిలించుకోండి

మా జూనియర్లు ఉద్యోగంలో చేరగానే నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మేడమ్, స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకాలు తగ్గితే జీతంలోంచి కట్టాలా?" ఆ టెన్షన్‌తోనే బీరువాలకు తాళాలు పడతాయి.

అందుకే ముందు రూల్ చదవండి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ రూల్ ప్రకారం, ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే. మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో అరుదైనదో పోతే మాత్రం విచారణ తప్పదు. మీది ప్రైవేటు కాలేజీ అయితే ఇదే లెక్కను లైబ్రరీ కమిటీ చేత తీర్మానంగా రాయించుకోండి. నోటిమాటను నమ్ముకోవద్దు.

ఇక కౌంటర్ దగ్గరికి రండి. అసలు ఉద్యోగం అక్కడే. "కంప్యూటర్ పుస్తకాలు ఎక్కడ?" అని అడిగిన అమ్మాయికి ర్యాక్ చూపించి ఊరుకోకండి. ఆమెకు కావలసింది ప్రాజెక్టుకు ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయడం కావచ్చు. పాఠకుడు తన అవసరాన్ని లైబ్రరీలో దొరుకుతుందనుకున్న దానికి తగ్గట్టు కుదించి అడుగుతాడని అమెరికాలో లైబ్రరీ సైన్స్ పండితుడు రాబర్ట్ టేలర్ 1968లోనే రాశాడు. "ఎందుకు?" అని అడిగితే పోలీసు ప్రశ్నలా ఉంటుంది. "అందులో ప్రత్యేకంగా ఏ విషయం చూస్తున్నారు?" అనండి, చాలు.

"ఆ పుస్తకం ఎవరి దగ్గరుంది?" అని లెక్చరర్ అడిగితే మనవాళ్లు రిజిస్టర్ తిప్పి పేరు చెప్పేస్తారు. అమెరికాలో ఇది వృత్తి నియమావళికే విరుద్ధం. ఎవరేం చదువుతున్నారో బయటపెట్టకూడదు. ఇక్కడ కూడా అదే పాటించండి. "రిజర్వ్ చేసి తెప్పిస్తాను సార్" అంటే ఎవరూ నొచ్చుకోరు. (కొందరు నొచ్చుకుంటారు. ఫరవాలేదు.)

పాత పుస్తకాలు తీసేయడం అమెరికాలో మామూలు పని, మనకు గుండె దడ. సిలబస్ మారిన గైడ్లు, కాలం చెల్లిన పన్ను చట్టాలు చదివినవాళ్లను తప్పుదారి పట్టిస్తాయి. జాబితా రాసి, కమిటీ సంతకాలు తీసుకుని, అక్సెషన్ రిజిస్టర్‌లో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసే పుస్తకం) ఆ పుస్తకం నంబరు ఎదురుగా ఉత్తర్వు నంబరు, తేదీ వేసి తీయండి. ఎంట్రీని మాత్రం కొట్టేయకండి.

విదేశాలకు వెళ్లాలనుకుంటే డిగ్రీ సంగతి ముందు చూసుకోండి. ఇక్కడ కాలేజీ పోస్టులకు లైబ్రరీ సైన్స్ పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష అడుగుతారు. అమెరికాలో సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ కావాలంటారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు, లైబ్రరీ పనులు నడిపే కోహా ఉచితం. అందులో మార్క్ 21 (పుస్తక వివరాలను నంబర్లున్న గడుల్లో నింపే ప్రామాణిక పద్ధతి) రికార్డులు కాపీ చేసుకోకుండా చేత్తో కొట్టి అలవాటు చేసుకోండి. 100వ గడిలో రచయిత, 245లో శీర్షిక, 082లో డ్యూయీ నంబరు (విషయాన్ని బట్టి పుస్తకానికిచ్చే వర్గీకరణ సంఖ్య). అక్కడి యూనివర్సిటీల్లో చాలాచోట్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణే నడుస్తుంది కాబట్టి ఆ నంబరు వేసే 050వ గడి కూడా నింపడం నేర్చుకోండి.