డ్రిల్ అయిపోయాక ఏం చేయాలి?
తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది కాబట్టి ఇక్కడి ఎన్‌సీసీ నేవల్ వింగ్ పిల్లలకి డ్రిల్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ అది అయ్యాక ఏం చేయాలో చాలామంది పట్టించుకోరు. అమెరికా సైన్యం వాడే ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ (పని అవగానే జరిగినదాన్ని అందరూ కలిసి సమీక్షించుకోవడం) పద్ధతి పట్టుకోండి.

పడవ ప్రాక్టీస్ అవగానే, తడి బట్టలు ఆరకముందే, అందరూ గుండ్రంగా కూర్చుని అడగండి: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఇకమీదట ఏది ఉంచుదాం, ఏది మారుద్దాం. ముందు జూనియర్లు మాట్లాడాలి. సీనియర్ నోరు తెరిచాక ఇంకెవరూ నిజం చెప్పరు (మన దగ్గర మరీనూ). తిట్లు వద్దు.

'ఇంకా బాగా తెడ్డు వేయాలి' అని రాస్తే దండగ. 'మలుపు దగ్గర చుక్కాని పట్టుకున్నవాడు ముందే కేకేయాలి' అని, అది ఎవరు చూసుకుంటారో కూడా రాయండి. ఇలాంటి పాఠాలు పోగేయడానికే అమెరికా సైన్యం 1985లో ఒక కేంద్రం పెట్టింది. మీకు రిజిస్టర్ చాలు, తర్వాతి ప్రాక్టీస్‌కి ముందు దాన్ని తెరిస్తేనే.