కవల పిల్లలతో రోజు గడవాలంటే: ఏవి ఒకేలా ఉండాలి, ఏవి వేరుగా ఉండాలి

మాకు ఇద్దరు ఆడపిల్లలు, కవలలు, వచ్చే నెలకి నాలుగేళ్లు నిండుతాయి. ఇంట్లో పిలుపు బుజ్జి, చిట్టి. మియాపూర్ వైపు ఉంటాం, నేనూ మా ఆయనా ఇద్దరం జాబ్‌కి వెళ్తాం, అత్తయ్య ఆరు నెలలు మా దగ్గర ఆరు నెలలు ఊళ్లో. కడుపులో కవలలు అని తెలిసినప్పుడు పాలెలా పట్టాలి, నిద్ర ఎలా పుచ్చాలి అని అందరూ చెప్పారు గానీ మూడేళ్లు దాటాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, నిజానికి డైపర్ల గోల అయిపోయాకే అసలు పని మొదలైంది, ఎందుకంటే ఇప్పుడు ఇద్దరికీ మాటలొచ్చాయి, ఇద్దరికీ పంతాలొచ్చాయి, ఇద్దరికీ ఒకే వస్తువు ఒకే నిమిషంలో కావాలి.

ముందు వస్తువుల గురించి చెప్తా. గొడవ తెచ్చే వస్తువులు అచ్చం ఒకేలా కొనండి. మేం మొదట్లో ముచ్చటపడి ఒక పింక్ కప్పు, ఒక పసుపు కప్పు కొన్నాం. పింక్ బుజ్జికిస్తే చిట్టికి అదే కావాలి, సరే అని మారిస్తే బుజ్జి నేల మీద పడి దొర్లడం, ఈలోపు పాలు చల్లారి మీగడ కట్టేది, మీగడ కనిపిస్తే ఇద్దరూ తాగరు. రెండు సాదా స్టీలు గ్లాసులు తెచ్చాక ఆ ఏడుపు పోయింది. కంచాలు, బంతులు, చెప్పులు, కలర్ పెన్సిళ్లు అన్నీ అంతే, చుట్టాలు ఏదైనా తెస్తామంటే మొహమాటపడకుండా "రెండూ ఒకేలా తెండి" అని నేనే చెప్పేస్తా.

కలిసిపోతే నష్టం జరిగే వస్తువులు మాత్రం కచ్చితంగా వేరే రంగులో ఉండాలి. బ్రష్, టవల్, దువ్వెన, వాటర్ బాటిల్, మందు పట్టే సిరంజి. మా ఇంట్లో ఎరుపు బుజ్జిది, నీలం చిట్టిది, అత్తయ్యకీ పనికొచ్చే అమ్మాయికీ కూడా అదే చెప్పాం. దువ్వెనెందుకు అంటారేమో, స్కూల్ నుంచి ఒకళ్లకి పేలు అంటుకున్నాయంటే వారంలో రెండో తలకి కూడా వస్తాయి, దువ్వెనలు వేరు చేసినా ఇద్దరి తలలూ ఒకే రోజు చూసుకోవాల్సిందే.

మందుల సంగతి అన్నిటికంటే ముఖ్యం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పోయిన వానాకాలం ఇద్దరికీ జ్వరం. రాత్రి పన్నెండున్నరకి మా ఆయన బుజ్జికి పారాసిటమాల్ పట్టి పడుకున్నారు. రెండింటికి నాకు మెలకువ వచ్చింది, చెయ్యేసి చూస్తే ఒళ్లు కాలిపోతోంది, చీకట్లో చిట్టి అనుకుని పట్టేశా, పిల్లలు నిద్రలో అటువాళ్లు ఇటు దొర్లారని పొద్దున గానీ తెలియలేదు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఒక డోసు ఎక్కువైంది, భయం లేదు, ఇవాళ గ్యాప్ ఇచ్చి గమనించండి అన్నారు. ఆ ఫోన్ పెట్టేవరకు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అప్పటినుంచి ఫ్రిజ్ మీద ఒక కాగితం, రెండు గళ్లు, ఎర్ర స్కెచ్ ఒకటి నీలం స్కెచ్ ఒకటి. ఎవరు పట్టినా టైమ్, ఎన్ని ఎంఎల్ అని రాసి గానీ సీసా మూత పెట్టకూడదు. ఇంకోటి, ఈ సిరప్‌లో పవర్ తేడాలుంటాయి, 5 ఎంఎల్‌కి 120 లేదా 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి, ఇంట్లో రెండు రకాలూ ఉంచుకోవద్దు. డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, మా పిల్లలిద్దరికీ బరువులో కేజీన్నర తేడా ఉంది కాబట్టి ఇద్దరికీ డాక్టర్‌తో విడివిడిగా రాయించుకున్నాం. పుట్టింది ఒకేరోజు కదా అని ఒకే కొలత పొయ్యకండి.

అంటుజబ్బులు కూడా చాలాసార్లు ఇద్దరికీ ఒకేరోజు రావు, ఒకళ్ల తర్వాత ఒకళ్లకి వస్తాయి. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ అయితే అంటుకున్నాక మూడు నుంచి ఆరు రోజుల్లో బయటపడుతుంది, ఆటలమ్మ అయితే 10 నుంచి 21 రోజులు. అందుకే మొదటి పిల్లకి వచ్చినప్పుడే ఇద్దరూ లీవులు పెట్టేసుకోకండి. మేం ఇప్పుడు మొదటి విడత నేను, రెండో విడత ఆయన అని ముందే అనుకుంటున్నాం.

ఇక పొద్దున్నే వంతుల గోల. లిఫ్ట్ బటన్ ఎవరు నొక్కాలి, ముందు స్నానం ఎవరికి, అమ్మ పక్కన ఎవరు, టిఫిన్ ఇడ్లీయా దోసెనా ఎవరు చెప్పాలి. ప్రతిదానికీ పంచాయితీ చేస్తే ఎనిమిదింటికే ఓపిక అయిపోతుంది. మేం చేసింది ఏంటంటే, గోడ మీద తిథులుండే పెద్ద తెలుగు క్యాలెండర్‌లో బేసి తేదీలకి ఎర్ర చుక్క, సరి తేదీలకి నీలం చుక్క పెట్టాం. ఎవరి చుక్క ఉంటే ఆ రోజంతా అన్నీ ముందు వాళ్లకే, స్నానం వాళ్లకే ముందు, బటన్ వాళ్లదే, ముందు ముద్ద వాళ్లదే. మొదటి వారం ఏడ్చారు, తర్వాత లేవగానే వాళ్లే వెళ్లి చుక్క చూసుకుని "ఇవాళ నీది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం మొదలైంది. 31 తర్వాత ఒకటో తేదీ వస్తే రెండూ బేసే కదా, బుజ్జికి వరసగా రెండు రోజులు వస్తుందని చిట్టే ముందు కనిపెట్టింది, అందుకని 31వ తేదీ నాన్న రోజు, లిఫ్ట్ బటన్ నాన్నే నొక్కాలి. అంకెలు కూడా అలాగే వచ్చేశాయి, నేను కూర్చోబెట్టి నేర్పింది తక్కువ.

అన్నం కలిపి పెట్టండి, ఒకే గిన్నెలో పప్పూ నెయ్యీ కలిపి చెరో ముద్ద, ఒకళ్లు తింటుంటే చూసి రెండోవాళ్లూ తింటారు. నిద్ర కూడా ఒకే టైమ్‌కి, ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. పగలు ఒకళ్లు పడుకుని ఒకళ్లు పడుకోకపోతే సాయంత్రం మీకు ఊపిరాడదు, నిద్ర రాకపోయినా పక్కన పడుకుని బొమ్మల పుస్తకం చూసుకోమనండి చాలు. బండి మీద మాత్రం ఇద్దర్నీ ఒకేసారి ఎక్కించకండి. నాలుగేళ్లలోపు వాళ్లకి బెల్టు, హెల్మెట్ ఉండాలి, 40 స్పీడ్ దాటకూడదు అని 2022లోనే రూల్ వచ్చింది, ముందొకళ్లు వెనకొకళ్లు ఉంటే మనం ఎవర్ని పట్టుకుంటాం, ఆటో ఎక్కేయండి.

మందలించేటప్పుడు మాత్రం విడిగా తీసుకెళ్లి చెప్పండి. రెండో పిల్ల ముందు తిడితే తిట్లు తిన్నది చిన్నబుచ్చుకుంటుంది, విన్నది అదే మాట పట్టుకుని రోజంతా ఎత్తిపొడుస్తుంది. అలాగే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది "ఎవరు పెద్ద? ఎవరు తెలివైంది?" పిల్లలు వింటూనే ఉంటారండీ. మా చుట్టాల్లో ఒకావిడ "ఇది మాటకారి, అది మొద్దు" అనేసి వెళ్లారు, ఆ రాత్రి చిట్టి నన్ను "మొద్దు అంటే ఏంటమ్మా" అని అడిగింది. ఇప్పుడు ఎవరన్నా అలా మొదలుపెడితే అక్కడే ఆపేస్తున్నా, మర్యాదగానే, "ఇద్దరికీ రెండు రకాల తెలివి అత్తా" అని.

చిట్టికి మాటలు కొంచెం లేటు, కవలల్లో ఇది మామూలే అని డాక్టర్ కూడా చెప్పారు. మేం చూసింది ఏంటంటే దాన్ని ఏదడిగినా బుజ్జే జవాబు చెప్పేస్తుంది, "చిట్టికి నీళ్లు కావాలంట" అని, ఇక దానికి నోరు తెరవాల్సిన అవసరమే రాదు. అందుకే ఆదివారాలు ఒక గంట ఒక పిల్ల నాతో, ఒక పిల్ల నాన్నతో, మళ్లీ వారం మార్పు. పోయిన ఆదివారం చిట్టిని రైతుబజార్‌కి తీసుకెళ్లా. టమాటాల దగ్గర నేను సంచి సర్దుకుంటుంటే అది ముందుకెళ్లి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "కిలో ఎంత?" అనడిగింది. ఆ అన్న ధర చెప్పాడు, అది నా వైపు చూసి అదే ధర నాకు చెప్పింది, తర్వాత వంకాయల దగ్గరా అడిగింది, కొత్తిమీర దగ్గరా అడిగింది. వచ్చే వారం బుజ్జి వంతు, కానీ బుజ్జికి రైతుబజార్ వద్దంట, నాన్నతో కలిసి బండి కడగాలంట.