చిన్న డిజిటల్ కెమెరా: కొనేటప్పుడు, బీచ్‌లో వాడేటప్పుడు

తక్కువ ధరలో మొదటి కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల లెక్క పక్కన పెట్టండి. ఈ తరగతి కెమెరాల్లో చాలావాటి సెన్సార్ (కాంతిని ఫొటోగా మార్చే చిప్) వెడల్పు 6 మిల్లీమీటర్లే. దానిమీద 16 మెగాపిక్సెళ్లున్నా 20 ఉన్నా ఫొటోలో తేడా తెలియదు. చూడాల్సింది ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్ కదిలి దృశ్యాన్ని దగ్గరికి తెచ్చేది: కొడక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్ 55లో 5 రెట్లు, సోనీ డబ్ల్యూ 830లో 8 రెట్లు. డిజిటల్ జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడమే, మెనూలో ఆపేయండి. ‘48 మెగాపిక్సెల్, 16 రెట్ల జూమ్’ అని పెట్టెమీద రాసి, లెన్స్ మాత్రం కదలకుండా బిగించి ఉన్న చవక కెమెరా అసలు వద్దు.

పాతది కొంటుంటే అక్కడే ఆన్ చేసి చివరిదాకా జూమ్ చేయండి. కరకరమంటే లోపల ఇసుక చేరినట్టే, వదిలేయండి. తెల్ల గోడను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ప్రతి ఫొటోలోనూ ఒకేచోట మసక చుక్క ఉంటే లోపల దుమ్ముంది. బ్యాటరీ ఉబ్బి ఉన్నా వద్దు. 2006కు ముందు వచ్చిన మోడళ్లలో చాలావాటికి 2 జీబీ దాటిన కార్డు ఎక్కదు. కొత్తవాటికి 16 జీబీ సరిపోతుంది, 20 మెగాపిక్సెల్ ఫొటోలు రెండు వేలకు పైగా పడతాయి. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఇక వైజాగ్ ఆర్కే బీచ్. సూర్యోదయం తీసేటప్పుడు ఆటో మోడ్‌లో వదిలేస్తే ఆకాశంలో ఎరుపు వెలిసిపోతుంది. కొన్ని అమరికలు మనమే మార్చుకోగల ప్రోగ్రామ్ మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల ఛాయను సర్దే అమరిక) ‘మబ్బు’ గుర్తుకు మార్చి, ఫొటో వెలుగును పెంచి తగ్గించే ప్లస్–మైనస్ మీటను −0.7కు తెండి. సూర్యుడి ముందు మనిషిని నిలబెడితే ముఖం నల్లబడుతుంది. అప్పుడు ఫ్లాష్‌ను ఆటోలో కాకుండా ‘ఎప్పుడూ ఆన్’లో పెట్టి 2 మీటర్ల లోపు నుంచి తీయండి. నీటి తుంపర ఎగురుతుంటే మాత్రం ఫ్లాష్ వేయకండి, ఫొటో నిండా తెల్లటి బొట్లు పడతాయి. బీచ్ పక్కనే మ్యూజియంగా ఉంచిన కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. 28 మిల్లీమీటర్ల వెడల్పు కోణం లెన్స్‌తో పక్కనుంచి మొత్తం పట్టాలంటే సుమారు 75 మీటర్లు వెనక్కి వెళ్లాలి. అంతకంటే ముక్కు వైపు నుంచి ఏటవాలుగా తీస్తేనే దాని పొడవు బాగా తెలుస్తుంది. నేవీ వాళ్లు ఫొటోలు వద్దని బోర్డు పెట్టినచోట కెమెరా బయటికి తీయనే తీయకండి.

రాత్రి కైలాసగిరి కొండ మీద నుంచి ఊరి దీపాలు తీయాలంటే ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100 పెట్టి, కెమెరాను పిట్టగోడ మీద ఆనించి, 2 సెకన్ల టైమర్‌తో తీయండి. చేత్తో నొక్కితే ఆ కుదుపుకే దీపాలు గీతలవుతాయి.

వైజాగ్‌లో కెమెరాలు ఎక్కువగా పాడయ్యేది ఉప్పుగాలికి, ఇసుకకి. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. జిప్ కవర్లో పెట్టి అరగంట ఆగి తీయండి. ఇసుకలో పడితే ఆన్ చేయకండి. లెన్స్ బయటికొచ్చి లోపలికి వెళ్తూ ఇసుకను తనతో లాక్కుపోతుంది, ఆ తర్వాత ‘లెన్స్ ఎర్రర్’ వస్తుంది. బ్యాటరీ తీసేసి, కెమెరాను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తడి చేరుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ మాత్రమే తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. నెల రోజులు వాడకపోతే బ్యాటరీని సగం చార్జ్‌తో బయటికి తీసి, కెమెరాను తేమ పీల్చే సిలికా జెల్ వేసి, మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టండి.