నౌకాదళ అధికారి జీవితాన్ని గోడపత్రికగా రాయించడం ఎలా?

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవానికి మా చిత్తూరు బడిలో పిల్లలతో గోడపత్రిక రాయిస్తాను. ఈసారి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా.

1926లో గోరఖ్‌పూర్‌లో పుట్టడం, 1948లో అధికారి కావడం రెండు వాక్యాల్లో ముగించండి. పొగడ్తలు రాయించకండి. వీరుడని పిల్లలకే అనిపించాలి.

చోటంతా 1971 డిసెంబరు 9 రాత్రికి ఇవ్వండి. పటంలో డయ్యూ దగ్గర గుండుసూది గుచ్చండి. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్, ముల్లా సారథ్యంలోని ఐఎన్ఎస్ ఖుక్రీని టార్పెడోతో ముంచింది ఆ తీరానికి దూరంగా, నడిసముద్రంలో. ఆయన తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేసి ఓడతోపాటే మునిగిపోయారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఆయన బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నల్ల చార్టు మీద సుద్దముక్కతో 194 చుక్కలు పెట్టించండి. అధికారుల చుక్కలు పెద్దవిగా పెట్టాలా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. వద్దనండి, అన్నీ ఒకే కొలతలో ఉండాలి.

పత్రికను మూడో తరగతి పిల్లల కంటికి అందే ఎత్తులో, మైదా జిగురుతో అతికించండి.