ఇంట్లో మనిషికి జబ్బు తిరగబెట్టినప్పుడు: బెంగళూరులోని తెలుగు కుటుంబాలకు

స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక జబ్బులో హింసకు తావే లేదనడం నిజం కాదు. కానీ ఆ ప్రమాదం ఎప్పుడు పెరుగుతుందో తెలిస్తే ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలానే ఉంటుంది. అమెరికాలో 1998లో వెలువడిన మెకార్థర్ అధ్యయనం, మానసిక ఆసుపత్రుల నుంచి డిశ్చార్జ్ అయినవారిలో మత్తు జోలికి పోనివారు, అదే పేటలో మత్తుకు దూరంగా ఉన్న ఇరుగుపొరుగుకన్నా ఎక్కువగా హింసకు దిగలేదని తేల్చింది. కాబట్టి జబ్బు పేరు విని బెదిరేకన్నా, ఇంట్లోకి సీసా వస్తోందా, మాత్రల పట్టీ సక్రమంగా ఖాళీ అవుతోందా అన్నది కనిపెట్టుకోవాలి.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మాత్రలు మింగనంటున్నాడని వాటిని పొడి చేసి పెరుగన్నంలో కలుపుతారు. ఏదో ఒక రోజు పంటి కింద చేదు తగులుతుంది. "అన్నంలో ఏదో కలుపుతున్నారు" అన్న అతని అనుమానానికి మనమే సాక్ష్యం చేతికిచ్చినట్లవుతుంది, ఆపైన కంచం పెట్టిన తల్లే అతనికి శత్రువుగా కనిపిస్తుంది. అందువల్ల కలపవద్దు, నిద్ర తగ్గడం, తనలో తాను మాట్లాడుకోవడం మొదలైనప్పుడే డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

కోపం రేగిన వేళ వాదనకు దిగకూడదు. కత్తిపీట, రోకలి వంటివి అందకుండా తీసేసి, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడుతూ, తలుపుకు అడ్డంగా నిలబడకుండా చూసుకోవాలి. తాళ్లతో, గొలుసులతో కట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసుల్లో ఉన్న 28 మంది తప్పించుకోలేకపోయారు.

పరిస్థితి చేయి దాటితే 112కు ఫోన్ చేసి, మానసిక జబ్బు ఉన్న మనిషని మొదటి మాటగా చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, పోలీసులు సంరక్షణలోకి తీసుకున్న అలాంటి వ్యక్తిని లాకప్‌లో ఉంచరాదు, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం రాత్రీపగలూ పనిచేస్తుంది. పాత చీటీలు, మందుల పట్టీలు ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకుంటే అక్కడ ఎంతో సమయం కలిసివస్తుంది. అతను ఒప్పుకోని స్థితిలో ఉంటే, నామినేటెడ్ ప్రతినిధి (అతని తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషి) దరఖాస్తుపై, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకునే వీలు అదే చట్టంలోని 89వ సెక్షన్‌లో ఉంది.

డిశ్చార్జ్ రోజున, రోజువారీ మాత్రలకు బదులు రెండు లేదా నాలుగు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్ అతనికి సరిపోతుందేమో, అతని ఎదుటే డాక్టరును అడగండి.